పన్నెండో చోటు

నకిబే రాజకీయ జీవితం కొబ్బరిచెట్టు మీద మొదలైందని మా దీవిలో చెప్పుకుంటారు. కల్లు గీసేవాడు చెట్టెక్కి పాడడం ఆచారం. కల్లు గీసే రోజుల్లో నకిబే పాట మధ్యలో ఆపి, ఓడ ఎందుకు ఆలస్యమైందో, సహకార దుకాణంలో బియ్యం ఎందుకు నిండుకున్నాయో కిందివారికి వివరించేవాడు. వినక తప్పేది కాదు, కల్లు అతనితోపాటే దిగాలి కనుక. ముప్పయ్యారో ఏట ఆ దుకాణానికి కార్యదర్శి అయ్యాడు. నలభై ఎనిమిదో ఏట పార్లమెంటుకు వెళ్లి, వరుసగా మూడుసార్లు గెలిచాడు.

మూడోసారి గెలిచినప్పుడు ఊరి సభాశాలకు, అంటే మా మనెయాబాకు, కొత్త కట్టడం మంజూరు చేయించాడు. మొగలాకుల కప్పు పోయి రేకులు వచ్చాయి. నమూనా రాజధానిలో గీశారు. సంతకం పెట్టేముందు నకిబే గాలి ఎటు వీస్తుందో, వాన ఎటు జారుతుందో పరిశీలించాడు గాని, స్తంభాల మధ్య ఖాళీలు లెక్కపెట్టలేదు. అవి పదకొండు. ఊళ్లో వంశాలు పన్నెండు. ఏ వంశం ఏ ఖాళీలో కూర్చోవాలో తాతలనాడే నిర్ణయమైంది. తన చోట కూర్చున్నవాడికే సభలో మాట్లాడే హక్కు ఉంటుంది.

ప్రారంభం నాడు విందుకు అందరూ తమతమ చోట్లకు చేరారు. మడుగు వైపు చివరి వంశంవారు మాత్రం చూరు బయట ఎండలో నిలబడిపోయారు. వారి పెద్ద బౌరో, నకిబే ఈడువాడు. తలా మూరెడు జరగమని ఎవరో సూచించారు. పూర్వులు చూపిన చోటు జరగదని పెద్దలు తోసిపుచ్చారు.

"ఒరే నకిబే, నిలబడి తినిపోవడానికి మేమేం కొంగలమా?" అన్నాడు బౌరో.

నకిబే వంశంలో మిగిలినవాడు అతనొక్కడే. లేచి చాప చుట్టుకున్నాడు.

"ఇటొచ్చి కూర్చో. నీ చోటు కట్టేదాకా ఇది నీదే."

తాను వెళ్లి భార్య తెరేటియా పుట్టింటివారి చోట కూర్చున్నాడు.

"అరవయ్యేళ్లకి ఇల్లరికం వచ్చావా, బావా?" అని బావమరిది చాప సర్దాడు.

అత్తవారి చోట కూర్చున్న అల్లుడు సభలో నోరు విప్పకూడదు. ఆ నెలలోనే ఎన్నికలకు ఎవరిని నిలపాలో అక్కడ తేల్చవలసి ఉంది. నాలుగోసారి వెళ్లాలని నకిబేకు బలంగా ఉండేది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. చర్చ రోజు ముగ్గురు పెద్దలు అతనివైపే చూశారు. అతడు తల వంచుకుని మొగలాకు పేడు గోటితో చీలుస్తూ ఉండిపోయాడు. ఎవరి పేరైనా వారి వంశపు చోటు నుంచే రావాలి కనుక, అతని పేరెత్తే హక్కు అతని చోట కూర్చున్న బౌరోకే ఉంది.

బౌరో నిదానంగా మాట్లాడాడు. నకిబే మంచివాడేనని ఒప్పుకున్నాడు.

"మంచివాడే. కాని పార్లమెంటుకి ఇంకోడు దొరుకుతాడు. మా చోటు కట్టాల్సింది వీడే. వీణ్ణి పంపొద్దు."

సభ మరొకరిని ఎంచుకుంది.

పన్నెండో ఖాళీ కట్టడానికి రెండేళ్లు పట్టింది. ఆటుపోట్లు చూసుకుని పగడపురాయి మోశారు. ఎక్కువ రోజులు నకిబేకు తోడు బౌరోయే. పని ముగిసిన రోజు బౌరో తన చాప అక్కడికి మార్చుకున్నాడు. నకిబే తన పాత చోటుకు తిరిగివచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. రెండేళ్ల తరువాత సభలో నోరు విప్పి ఏం చెబుతాడోనని సభ ఎదురుచూసింది.

"గాలి బాగానే ఆడుతోంది," అన్నాడు.