ఎర్రదీపం

టీవీలు బాగుచేసే ఆయనకు, సోల్డరింగ్ పెట్టిన ప్రతి అతుకునూ రెండుసార్లు ఊది, గోటితో గీకి చూసే అలవాటు. భార్యకు మతిమరుపు ముదిరాక దుకాణం మూసేసి, పనిముట్లన్నీ వంటింటి బల్ల మీదకు చేర్చాడు. ఆవిడ పొద్దున లేచింది మొదలు కిటికీలోని కుండీలకు నీళ్లు పోస్తూనే ఉంటుంది. పోసిన సంగతి గుర్తుండదు. మూడు మొక్కలు వేళ్లు కుళ్లి చచ్చిపోయాయి, ఒక్కటే మిగిలింది. దానికోసం రెండు మేకులు, ఒక ట్రాన్సిస్టరు, ఒక బుల్లి ఎర్రదీపం, పాత రిమోట్‌లోని బ్యాటరీలు కలిపి ఒక పరికరం చేశాడు. మేకులు మట్టిలో గుచ్చితే, తడి ఉన్నంతసేపూ ఎర్రదీపం వెలుగుతుంది. "ఇది వెలుగుతుంటే నీళ్లు పొయ్యకు. ఆరిపోయాకే పొయ్యి. సరేనా?" అన్నాడు. "నేనేమన్నా చిన్నపిల్లనా, అన్నిసార్లు చెప్తారు!" అని ఆవిడ విసుక్కుంది.

రెండు రోజులు దీపం చూసి చెంబు దించేసింది. ఆ రెండు రోజులూ ఆయన కంటినిండా నిద్రపోయాడు. మూడోనాడు కేక విని పరుగెత్తుకొచ్చేసరికి, ఆవిడ కుండీలో నీళ్లు గుమ్మరిస్తోంది. "మొక్కకు నిప్పంటుకుందండీ! ఎంత పోసినా ఆరట్లేదు!" తడి ఉన్నంతసేపూ వెలగడమే కదా ఆ దీపం పని. ఆయన గబగబా మేకులు పీకేశాడు. దీపం ఆరింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "దేవుడిలా వచ్చారు బాబూ. కాసేపు కూర్చోండి, మా ఆయన దుకాణం నుంచి వచ్చే వేళైంది," అంది. ఆయన కూర్చున్నాడు.