పొగ వచ్చే కట్టె కోసం నాలుగు ఊళ్లు

ఈ ప్రయాణం మా అక్క నోటి రుచి కోసం మొదలైంది. డెంగీ జ్వరం తగ్గాక మా యాదక్కకు నోరు చప్పబడిపోయింది. రెండు వారాలుగా జావ తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఏం తింటావక్కా అంటే ఒకటే మాట: "అమ్మ పొయ్యి మీద పొగ పెట్టిన తునకలుంటే ఒక ముద్ద తిందును." మాది తిరుమలగిరి దగ్గర గొర్లు కాసే కుటుంబం. మాంసం మిగిలితే సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెట్టేవాళ్లు. ముసురు పట్టిందంటే ఆ తునకలను పొయ్యి పైన దండేనికి వేలాడదీసేది అమ్మ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది అక్కే. అలాంటి మనిషి అడిగితే కాదనేదెట్లా?

సూర్యాపేటలో మా ఇంట్లో ఉన్నది గ్యాస్ పొయ్యి. పెరట్లో పాత నూనె డబ్బా పెట్టి నేనే రంగంలోకి దిగాను. మొదటిసారి వేప కొమ్మలు వేస్తే తునకలు కషాయంలా చేదెక్కాయి. రెండోసారి వడ్రంగి షాపు ముందు ఏరుకొచ్చిన ముక్కలు వేస్తే ముద్ద ముద్దకూ వార్నిష్ వాసనే. అక్క ఊసేసి, "ఇగ వద్దులే తమ్మీ, పైసలు ఖరాబు" అని గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసి నాకు నిజంగా భయం వేసింది. ఈసారి కూడా చెడగొడితే ఆమె ఇక నన్నేదీ అడగదు. అమ్మ ఏ కట్టె వాడేదక్కా అంటే, "పొయ్యిల పెట్టే కట్టె" అంది. నా దగ్గరున్న సమాచారం అంతే.

శుక్రవారమే మటన్ తెచ్చి తునకలు కోసి ఎండకు వేశాను. ఆదివారం ఉదయం ఏడింటికి బండి తీసి, ముందుగా సూర్యాపేటలోనే కట్టెల అడితికి వెళ్లాను. పొగ బాగా వచ్చే కట్టె కావాలన్నాను. అడితి పెద్దాయన నోట్లోంచి వేపపుల్ల తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"పొగ వస్తుందని కొట్లాటకొచ్చెటోళ్లను సూసిన గని, పొగ రావాలె అన్నోన్ని నిన్నే సూస్తున్న. ఇంట్ల ఎవరితోనన్న పంచాది ఉన్నదా?"

సంగతి చెప్పాక నవ్వి, "గట్లనా! అయితే చింత కట్టె తీస్కపో. బాగ ఎండింది ఉండాలె, మర్చిపోకు" అన్నాడు. పదో పన్నెండో కిలోలు తూచి నూరు రూపాయలు తీసుకున్నాడు. పని ఇంత తేలికా అనుకున్నాను. అక్కడి నుంచే ఇంటికి తిరిగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ రెండుసార్లు దెబ్బ తిన్నవాణ్ణి, ఇంకొకరిని కూడా అడిగితే పోయేదేముందని హైవే ఎక్కాను.

విజయవాడ వైపు ముప్పావుగంట పోతే మునగాల. అక్కడ ఒక ధాబాలో చాయ్ తాగుతూ, తందూరి దగ్గరున్న వంటమనిషిని కదిలించాను. బండికి కట్టిన చింత మొద్దులను చూసి ఆయన పెదవి విరిచాడు.

"చింత మంటకు పనికొస్తది, పొగకేం పనికొస్తది? సర్కారు తుమ్మ పెట్టు. గదిగూడ పచ్చిదే పెట్టాలె. ఎండింది పెట్టినవా, నీ మాంసం ఖతం."

సర్కారు తుమ్మకు పైసా ఖర్చు లేదు, ధాబా వెనక కాలువ గట్టు నిండా అదే. ఆయన గొడ్డలి ఇచ్చాడు, ముళ్లు మాత్రం నా వేళ్లకే దిగాయి. ఎండింది సగం, పచ్చిది సగం కలిపి ఒకటే మూట. ఎవరి మాట నిజమో తేల్చుకోలేక రెండూ బండికి కట్టుకుని కోదాడ చేరేసరికి పదిన్నర దాటింది.

కోదాడ సా మిల్లులో గల్లాపెట్టె దగ్గర యజమాని భార్య కూర్చుని ఉంది. ఈసారి తెలివిగా, రోగి సంగతి ముందే చెప్పాను.

"అమ్మో, తుమ్మ పొగ ఘాటుగా ఉంటుందండి. జ్వరం పడి లేచిన మనిషి తట్టుకోలేదు. మామిడి పెట్టండి, కమ్మగా ఉంటుంది. బెరడు మాత్రం తీసేయండి."

"పచ్చిదా అండీ, ఎండిందా?"

"రెండూ కాదండీ. సగం ఆరి వాడింది."

వాడిన మామిడి ముక్కలు ఒక సంచికి ఎనభై రూపాయలు. సంచి కడుతుంటే అక్క ఫోన్. "ఏడున్నవ్ రా? తిన్నవా?" తిన్నానని అబద్ధం చెప్పి, నువ్వు తిన్నావా అని అడిగాను. "ఇగ తింట" అంది. ఎవరి అబద్ధం పెద్దదో మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికి పోదామనే అనుకున్నాను. కానీ మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే నా పాత క్లాస్‌మేట్ శీను గుర్తొచ్చాడు. హుజూర్‌నగర్ మీదుగా, రెండు వైపులా వరి చేల మధ్య గంటన్నర ప్రయాణం. శీను వాళ్లది తరతరాల ధాన్యం వ్యాపారం, ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. అయినా నా బండి చూడగానే తీర్పు చెప్పేశాడు.

"నేను మాంసం తినకపోవచ్చు గని, పొగ గురించి నాకు చెప్పకు. కట్టె ఎందుకురా? ఊక పెట్టు. మంట రాదు, పొద్దంతా సన్నగ పొగ వస్తనే ఉంటది."

బస్తా ఊక ఊరికే ఇచ్చాడు, వాళ్లమ్మ పులిహోర పెట్టింది. పొద్దు గుంకే వేళకు ఇల్లు చేరాను. మూడు వందల పెట్రోలు, నాలుగు మూటలు, నాలుగు సలహాలు. పొద్దున బయల్దేరినప్పుడు నాకున్న సందేహం ఒక్కటే.

సోమవారం సెలవు పెట్టి పెరట్లో నాలుగు డబ్బాలు పేర్చాను. ఒక్కో దాంట్లో ఒక్కో రకం వేసి, పైన ఒక్కో దండెం. ఏది బాగుంటే అదే అమ్మ కట్టె. మధ్యాహ్నం దాకా కళ్లు మండుతున్నా కదలకుండా కాపలా కాశాను. ఎల్లిగడ్డ అయిపోయిందని దుకాణానికి వెళ్లి వచ్చేసరికి, వారాల తరబడి మంచం దిగని మా అక్క పెరట్లో నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టి, నాలుగు దండేల తునకలూ తీసి ఒకే గంపలో పోసింది.

"నాలుగు పొయ్యిలేందిరా, పెండ్లి చేస్తున్నవా? వాడకట్టంత దగ్గుతున్నరు!"

నా పరీక్ష అక్కడే మంటగలిసింది. అక్క పిడికెడు తునకలు పెనం మీద వేయించి, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ వేసి రోట్లో దంచి, వేడి అన్నంలో కలిపింది. మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. రెండో ముద్ద తీసుకుంది. మూడోది కూడా.

"ఏ కట్టెదక్కా అది? అమ్మ తునకల లెక్కనే ఉందా?"

"నోట్లె ముద్దున్నప్పుడు ముచ్చట పెట్టకు" అంది, పళ్లెం దగ్గరికి లాక్కుంటూ.

గంపలోంచి నేనూ నాలుగైదు తిని చూశాను. నాకు అన్నీ ఒక్కటే వాసన. అమ్మది చింతో, తుమ్మో, మామిడో ఇప్పటికీ తెలియదు. బహుశా అమ్మకూ ఆ పట్టింపు ఉండి ఉండదు, ఆ రోజు ఏది దొరికితే అది పొయ్యిలో పెట్టి ఉంటుంది. నాకు తెలియాల్సింది కట్టె పేరు కాదేమో అనిపిస్తుంది. కాసేపటికి మళ్లీ, ఎండిందా పచ్చిదా అన్న ప్రశ్న తొలుస్తుంది.

ఈ దారిలో వెళ్లేవారికి ఒక్క సలహా: ఒక్కో దండేనికి ఒక్కో రంగు పీలిక కట్టి, ఏ పొగకు ఏ తునకలో గుర్తు పెట్టుకోండి. నేను కట్టలేదు, తెచ్చిందంతా ఆ రోజే కాల్చేశాను. ఇప్పుడు నాలుగు ఊళ్లూ మళ్లీ తిరగాలి, ఎందుకంటే పళ్లెం కడుగుతూ అక్క అడిగింది: "ఇంకో కిలో తేరాదు రా?"