సోములమ్మ పాదం, ఫల్గుణ మోరి

శనివారం సాయంత్రం అనంతగిరి దగ్గరి రిసార్టులో మంట వేశాక, మేనేజరు సూర్యనారాయణ మైకు పట్టుకుని, రాబోయేది వేల ఏళ్లనాటి సంగీతమని ప్రకటిస్తాడు. అరవై దాటిన ఫల్గుణ ఇద్దరు డప్పువాళ్లతో వస్తాడు. అతని చేతిలో మోరి ఉంటుంది, సన్నాయికి దగ్గరి చుట్టం లాంటి వాద్యం. విశాఖ నుంచి వచ్చినవాళ్లు లేచి ఆడతారు, పాతరోజులు గుర్తొచ్చాయంటారు. అపార్టుమెంట్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఏ పాతరోజులు గుర్తొచ్చాయో ఫల్గుణ అడగడు. కాసేపటికి మేనేజరు చెయ్యి ఊపుతాడు. భోజనాలు మొదలవుతాయి.

హుకుంపేట మండలంలోని సొంత ఊళ్లో మాత్రం ఆ పాటకు గిరాకీ లేదు. చైత్రంలో ఇటుకల పండగకు ఊరి దేవత ముందు విత్తనాలు పెట్టి, ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరసగా థింసా ఆడతారు. ఎన్నో ఏళ్లు ఆ ఆటకు మోరి ఊదింది ఫల్గుణే. ఈమధ్య పాడేరు నుంచి డీజే బాక్సులు వస్తున్నాయి. ఈ ఏడైనా విత్తనాల రోజున తనను పిలవాలన్నది అతని కోరిక. నోరు విప్పి అడగడానికి నామోషీ. అందుకే కుర్రాళ్ల పెద్ద అయిన మేనల్లుడు కామేష్ ఇంటి ముందు ఊరికే తిరిగాడు.

“ఏటి మావా, ఇటేపు తెగ తిరుగుతన్నావు?”

“ఏటీ లేదురా. డీజేకి సెప్పేసినారేటి?”

“సెప్పేసినాం. ఈ ఏడు నీ పాటే పెడతాం.”

ఫల్గుణ ముఖం వెలిగింది.

“మొన్న నీ ఎనకాల రిసార్టుకొచ్చినప్పుడు ఫోన్లో రికార్డు సేసినాను. బాక్సులో ఏసి ఒగ్గేత్తే అదే మోగుతాది. నువ్వు కూకుని ఇనుకో.”

ఇంతకంటే గౌరవం ఉండదని కామేష్ నిజంగానే నమ్మాడు. ఫల్గుణ కూడా కాదనలేకపోయాడు. తన పాట వద్దని తనే ఎలా అంటాడు?

పండగనాడు అతన్ని ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. బాక్సుల్లోంచి అతని మోరి ఎన్నడూ లేనంత గట్టిగా మోగింది. అతని వదిన సోములమ్మ ముందుండి వరసను నడిపించింది.

థింసాలో ఆ ఊరిదొక పద్ధతి. వరస ఎక్కడ వెనక్కి మళ్లాలో ముందున్న ఆడమనిషి పాదం నిర్ణయిస్తుంది. మోరి ఊదేవాడి చూపంతా ఆ పాదం మీదే. అది మళ్లితే పాట మళ్లుతుంది. రికార్డు చేసినరోజు రిసార్టులో ముందుండి ఆడినవాడు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఫల్గుణ అలవాటు కొద్దీ అతని బూటు చూస్తూ ఊదాడు. ఇప్పుడు ఆ బూటు మళ్లిన చోటల్లా ఊరి ఆడవాళ్లు మళ్లాల్సి వచ్చింది. సోములమ్మ ఇంకా ముందుకు వెళుతుండగానే పాట తిరిగింది. వెనక సగం తిరిగింది, ముందు సగం తిరగలేదు. మధ్యలో ఉన్న రత్న అనే అమ్మాయి విత్తనాల బుట్ట పక్కన కూలబడింది.

సోములమ్మ చేతులు విడిపించుకుంది.

“ఒరే కామేషూ, ఆ పెట్టెకి నా కాలు కనపడతాదేటి?”

“మావ పాటే గదా అత్తా.”

“పాట ఆడిదే. కళ్లేవి? ఓ మరిదీ, పెళ్లికొడుకునాగ కుర్సీలో ఏటి సేత్తన్నావు? బేగి రా.”

ఎందుకైనా మంచిదని కండువా కింద దాచి తెచ్చుకున్న మోరిని ఫల్గుణ బయటికి తీశాడు.

పాట బాక్సుల్లో కంటే చాలా నెమ్మదిగా మొదలైంది. పాతకాలపు పాట అంత మెల్లగానే ఉంటుందని కుర్రాళ్లు ఫోన్లలో వీడియో తీస్తూ చెప్పుకున్నారు. ఆ నెమ్మది ఏ కాలానిదీ కాదు. మొన్న చలికాలంలో సోములమ్మకు పట్టుకున్న మోకాలి నొప్పిది. అంతకుముందు ఇదే పాట పరుగెత్తేది.

ముందామె పాదం ఆగేదాకా మోరి ఆగకూడదు. రిసార్టులో కొంచెం కొంచెం ఊదడానికి అలవాటుపడ్డ ఊపిరి కాసేపటికే మొరాయించింది. కామేష్ పక్కకు వచ్చి వంగాడు.

“మావా, అలిసిపోనావు. కాసేపు బాక్సు ఏసీమంటావా?”

ఫల్గుణ మోరి తియ్యకుండానే తల అడ్డంగా ఊపి, ఇక చాలన్నట్టు వదిన వైపు చూశాడు. సోములమ్మ అతని ముఖం చూడటం లేదు. ఆమె మోకాలు ఇప్పుడిప్పుడే సాగుతోంది. అడుగు వేగం పెంచింది.