గుంటలో ఉన్న బొమ్మ అరగదు

1998లో నన్ను గుంటూరు మిర్చి యార్డు దగ్గరున్న మా బ్యాంకు శాఖకు క్యాష్ ఆఫీసరుగా వేశారు. క్యాష్ ఆఫీసరంటే కౌంటర్లలో క్యాషియర్లు తీసుకునే ప్రతి నోటుకూ నాణేనికీ చివరి పూచీ పడేవాడు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ల సర్వీసుంది. దొంగ నాణెం చప్పుడు వింటేనే పట్టేస్తానని కొంచెం పొగరు కూడా ఉండేది.

యార్డు గేటు పక్కన వెంకాయమ్మకు కాఫీ బంకు ఉండేది. ప్రతి సోమవారం చిల్లర సంచి తెచ్చి ఖాతాలో వేసుకునేది. సీజను మధ్యలో ఒక సోమవారం ఆమె సంచిలోంచి పాత పెద్ద రూపాయి ఒకటి మా క్యాషియరు పక్కకు తీసి నాకిచ్చాడు. ఒకవైపు మూడు సింహాలు మామూలుగానే ఉన్నాయి, బాగా అరిగి నున్నబడ్డాయి. రెండోవైపు రూపాయి అంకె ఉండాల్సిన చోట మళ్లీ సింహాలే. అవి ఉబ్బెత్తుగా కాక లోపలికి దిగి ఉన్నాయి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. పైగా ఆ వైపు కొత్తగా, పదునుగా ఉంది.

ఒక ముఖం అరిగి, రెండో ముఖం అరగకుండా ఒకే నాణెం ఎలా ఉంటుంది? నాణెం బయటికొచ్చాక ఎవడో రెండో బొమ్మ నొక్కాడని తేల్చేశాను. తేల్చుకున్నవాణ్ణి లోపలికి పిలిచి అడగొచ్చు కదా! హాలు నిండా రైతులూ హమాలీలూ ఉండగా కౌంటరు దగ్గరే నిలబడి, ‘ఇది దొంగ నాణెం, ఎక్కణ్ణుంచి తెచ్చావు?’ అని గద్దించాను.

వెంకాయమ్మ మొహం పాలిపోయింది. “ఏందయ్యా, నేను దొంగ రూపాయలు మారుస్తున్నానా? పదేళ్ల నుంచి యార్డులో కాఫీ పోస్తున్నా, ఒకళ్ల చేత మాట పడలా” అంది. నేను అనుమానపు నాణేల రిజిస్టరులో ఆమె పేరు రాసుకున్నాను. పద్ధతి ప్రకారం తర్వాత మేనేజరు సంతకం, ఆపైన పోలీసు స్టేషనుకు ఉత్తరం. ఉత్తరం మర్నాడు పంపుదామన్నారు మేనేజరు.

సాయంత్రానికే బంకు దగ్గర హమాలీలు ‘చిల్లర చూసుకుని తీసుకోండ్రోయ్’ అని ఎగతాళి మొదలెట్టారు. కొందరు అవతలి బంకుకు పోయారు. ఇంటికెళుతూ అది నా కళ్లారా చూశాను. పోలీసులు కూడా వస్తే ఆమె బంకు మూసుకోవాల్సిందే. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు, ఇంకొకరికి చూపిద్దామని.

క్యాష్ సంచుల మీద లక్క పోసి వేసే ఇత్తడి సీళ్లు మాకు చెక్కిచ్చేది కరీముల్లా గారు. కంసాలులకు లక్ష్మీకాసుల ఉక్కు అచ్చులు కూడా ఆయనే కోసేవారు. అంత సన్నటి పనివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఆ రాత్రే నాణెం పట్టుకుని ఆయన కొట్టుకెళ్లాను. చేతిలోకి తీసుకుని ముందు అంచు చూశారు, తూచారు, మంచి రూపాయి పక్కన పెట్టి వెడల్పు సరిచూశారు. తర్వాత సూదితో ఆ గుంటలో గీకితే ఏళ్లనాటి మట్టి రాలింది.

“తొందరపడ్డారు సార్” అన్నారు. “పైకి లేచింది అరుగుద్ది. గుంటలో ఉన్నది ఎట్లా అరుగుద్దండీ? దాంట్లో మట్టి చేరుద్ది, అంతే. ఎవడన్నా తర్వాత బిగించి నొక్కుంటే ఇవతలి బొమ్మ చదునైపోయేది, నాణెం సాగేది.”

అంటూ ఒక రేకుడబ్బా తెచ్చారు. నిండా చెడిపోయిన ఇత్తడి కాసులు. వాటిలో ఒకదానికి ఒకవైపు లక్ష్మి ఉబ్బెత్తుగా, రెండోవైపు అదే లక్ష్మి లోపలికి దిగి, తిరగబడి ఉంది. కొట్టిన కాసు పై అచ్చుకు అతుక్కుపోయిందట. చూసుకోకుండా కింద ఇంకో బిళ్ల పెట్టి కొడితే, అతుక్కున్న కాసే అచ్చయి కూర్చుందట. టంకశాలలోనూ జరిగింది అదే. ఇలాంటి నాణేన్ని సేకరించేవాళ్లు బ్రోకేజ్ అంటారని తర్వాత తెలిసింది. తన తప్పుల్ని పారేయకుండా దాచుకుని చదువుకున్న మనిషాయన!

ఈ మాటలు కాయితం మీద రాసివ్వమని అడిగాను, రిజిస్టరుకు జతచేద్దామని.

“కాయితం ఎవరు చదువుతారండీ? మీరు నలుగురిలో అన్నారుగా, నలుగురిలోనే చెబుతా” అన్నారు. పెళ్లిళ్ల రోజులు, చేతినిండా పని. అయినా మర్నాడు కొట్టు కట్టేసి, వెంకాయమ్మను వెంటబెట్టుకుని బ్యాంకు రద్దీగా ఉండే వేళకే వచ్చారు. రూపాయినీ ఇత్తడి కాసునూ పక్కపక్కన పెట్టి హాల్లో ఉన్నవాళ్లందరికీ చూపించారు. హమాలీలు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. నాణెం టంకశాలదే, తప్పూ టంకశాలదే, ఈ అమ్మది కాదని కరీముల్లా గారు చెప్పారు. మేనేజరు రిజిస్టరులో ఆమె పేరు కొట్టేసి సంతకం పెట్టారు.

వెంకాయమ్మ ఆ సంతకం వైపు చూడనే లేదు. నా వైపు తిరిగి, “మరి నువ్వేమంటావయ్యా?” అంది.

‘తప్పు నాదేనమ్మా’ అని గొణిగాను.

“గట్టిగా చెప్పు. నిన్న గట్టిగానే అన్నావుగా.”

హాలంతా వినేటట్టు చెప్పాను. ఆ నాణేనికి సేకరించేవాళ్లు మంచి ధర ఇస్తారని కరీముల్లా గారు చెబితే, ఆమె దాన్ని కొంగున ముడేసుకుని బంకు తెరవడానికి వెళ్లిపోయింది. హమాలీలు ఆమె వెనకే నడిచారు.

ఆ తర్వాత పదకొండేళ్లు నగదు చూశాను. అంచు, తూకం, గుంటలో మట్టి, ఈ మూడూ చూడకుండా ఏ నాణేన్నీ దొంగదనలేదు. అనాల్సి వచ్చినా తలుపు వేసి అన్నాను. నాణెం చూడటం కరీముల్లా గారి దగ్గర నేర్చుకున్నాను. ఎంత గొంతుతో నింద వేశామో అంత గొంతుతోనే తీసెయ్యాలన్నది వెంకాయమ్మ నేర్పింది. రెండిట్లో నాకు కష్టమైంది రెండోదే.