ఒడిలో కట్టిన ఏకులు

నన్ను విమానం ఎక్కించారంటే మా పొందూరులో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. నమ్మకపోతే మానెయ్యండి. నేను చెబుతున్నాను, మా మేనకోడలు రాస్తోంది. నాకు సంతకం తప్ప ఇంకేం రాదు.

పంతొమ్మిది వందల అరవయ్యేడో, అరవయ్యెనిమిదో. మా ఆయన పోయి ఏడాది తిరిగింది. హైదరాబాదులో ఏదో ప్రదర్శన, అందరి ముందూ కూర్చుని సన్ననూలు వడికి చూపించాలన్నారు. వెళ్ళాల్సింది రైల్లోనే. వానలకు రైలుకట్ట తెగిపోతే ఖద్దరు సంఘం పెద్ద విశాఖపట్నం నుంచి విమానం టిక్కెట్టు తీశాడు.

వీధిలో ఒకావిడ నాకు వినపడేలాగే అంది: "మొగుడు పోయినదానికి ఇమానమేటే?"

"నీ మొగుడున్నాడు కదే, ఎక్కించమను," అన్నాను.

వడికేది నేనే గాని ఏకులు మా అత్తవి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, మెత్తగా ఏకులు చుట్టడంలో ఆమె చెయ్యే చెయ్యి. ఆ ఏడు ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఇవే ఆఖరివని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఎండిన అరటి దొప్పలో వాటిని పేర్చి, గుడ్డ చుట్టి, సంచీలో పెట్టి ఇచ్చింది.

"నొక్కు పడితే నూలు ఉండ కడతాది. నలిపేసి వచ్చావంటే నా గుమ్మం ఎక్కకే," అంది.

రాట్నం అక్కడే ఇస్తామన్నారు; నూలు చుట్టుకునే ఇనప కదురు మాత్రం నాదే, వేరే సంచీలో పెట్టుకున్నాను. దానికి ఆముదం రాసి ఉంటుంది, ఏకులకు తగిలిందంటే పనికిరావు. బట్టల సంచీ ఇంకోటి. ఇన్ని సంచులేమిటని బస్సులో ఎవరూ అడగలేదు. విమానాల దగ్గర బల్ల వెనక కూర్చున్నతను అడిగాడు.

"చేతిలో ఒక్క సంచీయేనమ్మా. మిగతావి కింద సామాన్లలో వెయ్యాలి."

బట్టల సంచీ ఇచ్చేశాను. ఇంకా రెండున్నాయి. కదురు కింద పడేస్తే వంగిపోతుంది. ఏకులు పడేస్తే మా అత్త చెయ్యి పడేసినట్టే. అటు చూస్తే ఇనప్పెట్టెలు ఒకదాని మీద ఒకటి ధనాధన్ విసురుతున్నారు.

"ఇవి రెండూ ఒగ్గను బాబూ," అన్నాను.

"నా చేతిలో లేదమ్మా. అందరికీ ఒకటే."

కోప్పడలేదు పాపం. నా వెనక ఒక పట్నపావిడ పెట్టె చేత్తో పట్టుకుని, భుజానికి ఇంకో సంచీ వేలాడేసుకుంది.

"మరా యమ్మ బుజానికున్నదేటి?"

"అది ఆడవాళ్ళ చేతిసంచీ. అదీ, గొడుగూ, ఒంటిమీద కోటూ లెక్కలోకి రావు."

ఒంటిమీద ఉన్నది లెక్కలోకి రాదన్నమాట. పక్కకు వెళ్ళి చీర కుచ్చెళ్ళు పైకి దోపాను. పత్తి ఏరేటప్పుడు కట్టినట్టు నడుముకు ఒడి కట్టాను. దొప్పతో సహా ఏకులు అందులో పెట్టి, ఖాళీ సంచీ మడిచి కదురు సంచీలో కుక్కాను. మళ్ళీ బల్ల ముందు నిలబడ్డాను.

అతను నా పొట్టవంక చూశాడు. "ఇది సంచీ కాదా అమ్మా?"

"కోక బాబూ. ఇప్పి తూకమేత్తావేటి?"

వెనకవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వు ఆపుకుంటూ నా కాగితం మీద ముద్ర కొట్టాడు.

గెలిచాననుకున్నాను. లోపల కూర్చున్నాక అసలు గండం వచ్చింది. విమానంలో పనిచేసే అమ్మాయి నడుముకు పటకా కట్టుకోమంది. కట్టుకుంటే అది సరిగ్గా ఏకుల మీదే పడుతుంది. వద్దన్నాను. కట్టకపోతే విమానం కదలదంది. నేను లేవబోయేసరికి ఆమే వంగి బిగించేసింది. వెంటనే ఒడి పైకి లాగి, పటకా దాటించి, గుండెల దగ్గర రెండు చేతుల మీదా నిలబెట్టుకున్నాను.

పక్క సీటులో విజయనగరం ముసలమ్మ ఇదంతా చూస్తోంది. "ఏటప్పా, ఎన్నో నెల?"

"మా అత్త కన్నాది, నాను మోత్తన్నాను," అని ఒడి అంచు తప్పించి ఏకులు చూపించాను.

ఆమె నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. చెవుల్లో పెట్టుకోమని ఆ అమ్మాయి దూది తెస్తే, "ఈవిడకొద్దమ్మా, ఒడినిండా ఉన్నాది," అంది.

మబ్బులు చూడమన్నారు. చూడలేదు. చేతులు తిమ్మిరెక్కి చచ్చుపడినా దిగేదాకా దించలేదు.

ప్రదర్శనలో దొప్ప విప్పితే అంచున ఉన్న ఒక్క ఏకు నొక్కుకుపోయి ఉంది. తీసి పారెయ్యమని పక్కవాళ్ళన్నారు. ముందు దాన్నే పట్టాను. ఊపిరి బిగబట్టి, రాట్నం తిప్పీ తిప్పనట్టు తిప్పాను. తెగలేదు. మిగతావి మామూలుగానే దిగాయి. చూసినవాళ్ళు ఏమన్నారో నాకు గుర్తులేదు. అత్తకు చూపిస్తానని, వడికిన నూలు చుట్టకట్టిన చిలప ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నలిగిన ఏకు నూలూ అందులోనే ఉంది. తీసెయ్యొచ్చు, తియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. చిలప అందుకుని వణికే వేళ్ళ మధ్యనుంచి నూలు లాగుతూ పోయింది. ఒక చోట ఆగింది.

"ఇక్కడ ఉండ ఉన్నాది. ఏటి సేసావే?"

"ఇమానంలో నడుముకి పటకా కట్టీసినారత్తా."

"నువ్వెలా కట్టనిచ్చావే?"

"గుమ్మం ఎక్కొద్దన్నావు కదా. పొమ్మంటావా?"

చిలప ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"ముందు కాళ్ళు కడుక్కో," అంది.