లిఫ్టులో టిక్ టిక్

నేను లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లుగా మెట్టుగూడలో ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. క్లాసులో దయ్యాల ముచ్చట మొదలుపెట్టిన పిల్లలను బోర్డు దగ్గరికి పిలిచి లెక్క ఇచ్చే రకం. ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే పక్కగదిలోకి వెళ్లి పేపర్లు దిద్దుకుంటాను. కాబట్టి ఇది చదివి, ఈమెకు ఇలాంటివి అలవాటేమో అనుకోకండి. ఇంట్లో ఇద్దరికి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే స్టాఫ్ రూములో నా పరువు పోతుందని భయం.

జరిగింది చెప్పాలంటే ముందు నా గుండె సంగతి చెప్పాలి. చిన్నప్పుడు కీళ్లనొప్పుల జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం పాడైంది. ముప్పై ఎనిమిదో ఏట ఆపరేషన్ చేసి దాని స్థానంలో, అందరూ మెటల్ వాల్వు అని పిలిచేదాన్ని పెట్టారు. అది మూసుకున్నప్పుడల్లా టిక్‌మంటుంది. గది నిశ్శబ్దంగా ఉంటే పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది. పరీక్ష హాల్లో పిల్లలు గడియారం ఎక్కడుందా అని గోడలు వెతకడం నేను చూశాను. నువ్వు నా నుంచి ఎక్కడా దాక్కోలేవు, చప్పుడే పట్టిస్తుంది అని మా ఆయన ఏడిపిస్తుంటాడు. మొదటి ఏడాది ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైపోయి, వినడమే మానేశాను.

ఆ వాల్వుతో ఒక తంటా ఉంది. చేయి తెగితే రక్తం దానంతటదే గడ్డకడుతుంది కదా. ముందు రక్తంలోని చిన్న కణాలు వచ్చి గాయానికి అడ్డం పడతాయి, వాటి మీద సన్నని దారాల వల అల్లుకుంటుంది. పని అయ్యాక ఆ వలను కరిగించే సరుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. ఒళ్లు తన లెక్క తాను చక్కగా చూసుకుంటుంది. కానీ బయటి నుంచి తెచ్చి పెట్టిన వాల్వును చూస్తే రక్తానికి అది గాయంలాగే అనిపిస్తుంది, దాని మీద గడ్డ కట్టబోతుంది. గడ్డకడితే వాల్వు రెక్క బిగుసుకుపోతుంది, లేదా ఆ గడ్డ ముక్క మెదడుకు ఎగిరిపోతుంది. అలా కాకుండా జీవితాంతం రోజూ ఒక మాత్ర వేసుకోవాలి.

ఆ మాత్ర చేసే పని ఏమిటో నా డాక్టర్ ఒకసారి చెప్పారు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థాలను కాలేయం తయారుచేస్తుంది. కొన్నింటికి కె విటమిన్ కావాలి. మాత్ర ఆ విటమిన్‌ను పనిచేయనివ్వదు. ఆకుకూరల్లో అదే విటమిన్ దండిగా ఉంటుంది. ఎక్కువ తింటే మాత్ర ఓడిపోతుంది, పూర్తిగా మానేస్తే మాత్ర మరీ గెలిచి పళ్లు తోముకున్నా రక్తం ఆగదు. అందుకే నెలనెలా రక్తపరీక్ష. ఐఎన్ఆర్ అని ఒక అంకె వస్తుంది. నాకది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. పైకి పోతే రక్తస్రావం, కిందికి పోతే గడ్డ. ఆ సందులోనే నా బతుకంతా. ఆ అంకెలు రాసుకునే చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులో ఉంటాయి.

మా ఇంట్లో ఆకుకూరల మీద కట్టుదిట్టం అంతా మా అత్తమ్మదే. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి. ఆకుకూరలు తినవచ్చు, కానీ వారం వారం ఒకే కొలతలో తినాలని డాక్టర్ చెప్పిన మాటను ఆవిడ అక్షరాలా పాటిస్తుంది. పాలకూర గానీ తోటకూర గానీ పుంటికూర గానీ వారానికి రెండుసార్లు, రెండు గరిటెలు. మూడో గరిటె అడిగితే గిన్నె లోపలికి తీసుకుపోతుంది.

రెండేళ్ల కిందట ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మునగాకు తినాలని మా ఇంట్లో పట్టింపు. మా ఆయన బోయిన్‌పల్లి మార్కెట్లో ఒక కూరగాయల మండీలో గుమాస్తా. ఆయన కట్టలు కట్టలు మునగాకు తెచ్చాడు. అత్తమ్మ పప్పులో వేసింది, రొట్టెలో కలిపింది, ఎండబెట్టి కారంపొడి కొట్టి రోజూ మొదటి ముద్దలో నెయ్యితో పెట్టింది. ఇది కూడా ఆకే కదా అత్తమ్మా అని ఒకరోజు ఊరికే అడిగాను.

"గది ఆకుకూర గాదు బిడ్డా, చెట్టుది. ఆషాఢంల మునగాకు తింటె ఒంటికి రక్తం వడ్తది."

నాకు సరేననిపించింది. ఇంత చదువుకున్నదాన్ని, ముద్ద మీద ముద్ద తిన్నాను. అత్తమ్మ లెక్కలో ఆకుకూర అంటే మడిలో పెరిగేది, కట్టగా అమ్మేది. మునగాకు మందు కింద లెక్క. నా లెక్క కూడా అంతకంటే గొప్పగా ఏమీ లేదు. దానికి తోడు స్కూల్లో యూనిట్ టెస్టులని ఆ నెల రక్తపరీక్ష వాయిదా వేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

మూడు వారాలయ్యాక ఆయాసం మొదలైంది. మెట్లెక్కలేక లిఫ్టుకు అలవాటుపడ్డాను. వానాకాలం జలుబని సర్దిచెప్పుకున్నాను.

బోనాల ఆదివారం అత్తమ్మ, మా ఆయన బోనం ఎత్తుకుని గుడికి వెళ్లారు. నాకు ఓపిక లేక కార్ఖానాలోని మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోయాను. మధ్యాహ్నం మూడు దాటాక జలుబు మాత్రలు కొందామని హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని బయలుదేరాను. ఫోన్ చార్జింగులో ఉంది. ఐదు నిమిషాల పనే కదా అని వదిలేశాను.

మాది మూడో అంతస్తు. లిఫ్టు రెండో అంతస్తు దాటగానే కరెంటు పోయింది. స్టీలు డబ్బాలాంటి లిఫ్టు అది, నలుగురు ఎక్కితే ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుంది. లోపల కటిక చీకటి. గంట నొక్కితే మోగలేదు. తలుపు కొట్టాను, వాచ్‌మన్ యాదయ్యను పిలిచాను. బయట సందులో తీన్‌మార్ డప్పులు, మైకుల్లో పాటలు. నా గొంతు నాకే వినపడటం లేదు. బిల్డింగు మొత్తం గుడి దగ్గరే ఉంది. నాలుగు కేకలకే ఆయాసం కమ్మేసింది, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఊపిరి తీస్తే సగమే లోపలికి వెళుతోంది. ఇందులోనే పోతానేమో అనిపించింది, ఏడుపొచ్చింది.

కొంతసేపటికి డప్పులు దూరమయ్యాయి. అప్పుడు వినిపించింది, టిక్ టిక్ అని.

నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. నా వాల్వు బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది, ఈ ఆయాసం భయం వల్లే అనుకున్నాను. మనసు కుదుటపడుతుందని నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా చేతి గడియారం డిజిటల్ది. అది చప్పుడు చేయదు, మీట నొక్కితే వెలుగుతుంది. మణికట్టు దగ్గర నిమిషానికి నూట పదహారు. తర్వాత టిక్ టిక్ లెక్కపెట్టాను. అరవై ఎనిమిది.

రెండూ ఒకటే కావాలి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వాల్వు ఒకసారి మూసుకుంటుంది. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది, అరవై ఎనిమిది. గడియారం వెలుతురులో నోటుబుక్కు తీసి నాలుగు అంకెలూ రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ లేదు.

అప్పుడు గమనించాను, ఆ చప్పుడు నా ఛాతీలోంచి రావడం లేదు. ఎదురుగా ఉన్న మూల నుంచి వస్తోంది. గోడ పట్టుకుని లేచి చెవి అటు చాచాను. కింద లేదు, పైన లేదు. నా ఎత్తు మనిషి ఆ మూలలో నిలబడితే గుండె ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ ఉంది. వెనక్కి జరిగాను. అక్కడ వెనక్కి జరగడమంటే రెండడుగులు, అంతే. కళ్లు మూసుకున్నా తెరిచినా ఒకటే చీకటి. ఆ మూలలో ఎవరో నిలబడి ఉన్నారు, నాకు వాళ్ల గుండె వినిపిస్తోంది, నేను ఎటూ పోలేను.

భయంతో రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను. చెవులు మూసుకుంటే నా వాల్వు ఇంకా పెద్దగా వినపడాలి. ఎముకల గుండా లోపలి నుంచి వస్తుంది కాబట్టి. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ పొరపాటు చేసి ఎన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకున్నానో నాకు తెలుసు. ఆ రోజు చెవులు మూసుకోగానే మూలలోని టిక్ టిక్ ఆగిపోయింది. లోపల కూడా టిక్ లేదు. తడిగుడ్డ మీద పిడికిలితో కొట్టినట్టు మెత్తగా, ఆగి ఆగి ఒక దెబ్బ. చేతులు తీశాను, మూలలో టిక్ టిక్. మూసుకున్నాను, లోపల ఏమీ లేదు. నాలుగైదు సార్లు అలా చేశాను.

నా వాల్వు పలకడం లేదు. ఎన్ని రోజులనుంచి పలకడం లేదో నాకే తెలియదు. అప్పుడుగానీ మునగాకు గుర్తురాలేదు, మానేసిన పరీక్ష గుర్తురాలేదు. మూలలో ఉన్నదాని మీద భయం ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఇక్కడి నుంచి బయటపడకపోతే చచ్చిపోతానన్న భయం ముందు అదెంత.

తలుపును చెప్పుతో బాదాను. ఊపిరి చాలినంతసేపు బాది, ఆగి, మళ్లీ బాదాను. నేను ఆగిన ప్రతిసారీ అది వినిపిస్తూనే ఉంది, అదే వేగం, తొందర లేదు. చివరికి పైనుంచి యాదయ్య గొంతు వినిపించింది.

"మేడమ్, పరేషాన్ గాకుండ్రి. తాళంచెవి తెస్తున్న, జెర ఆగుండ్రి."

తలుపు తెరిచేసరికి మొత్తం నలభై నిమిషాలు అయింది. లిఫ్టు నేల నా అంచనాకు రెండో అంతస్తు కంటే నాలుగడుగులు కిందుంది. స్టూలు దించి చేయందించి పైకి లాగారు. పైకి వచ్చాక తిరిగి చూశాను. వెలుతురు పడిన లిఫ్టులో ఎవరూ లేరు, చప్పుడూ లేదు. అప్పుడే మా ఆయన, అత్తమ్మ గుడి నుంచి వచ్చారు. ఇంట్లో కాసేపు పడుకుంటే తగ్గుతుంది, భయపడ్డావంతే అన్నాడు మా ఆయన. నేను ఇంటివైపు ఒక్క అడుగు వేయలేదు.

"ఇంటికి గాదు, దవాఖానకు పోదాం. నా వాల్వు ఆగిపోతున్నది."

ఆసుపత్రిలో ఐఎన్ఆర్ ఒకటి పాయింట్ మూడు వచ్చింది. ఎక్స్‌రే తెర మీద వాల్వు చూపించారు. రెండు రెక్కల్లో ఒకటి తలుపులా తెరుచుకుని మూసుకుంటోంది, రెండోది కదలడం లేదు. గడ్డ కట్టేసింది. గడ్డను కరిగించే మందు సెలైన్‌లో ఎక్కించాలి, దానివల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు, సంతకం పెట్టండి అన్నారు. పెట్టాను. రాత్రంతా చిగుళ్లలోంచి రక్తం కారింది, సూది గుచ్చినచోటల్లా నల్లగా కమిలింది. కదలకూడదు, మందు ఆపకూడదు, ఆపితే గడ్డ, ఆపకపోతే రక్తం. మర్నాడు మధ్యాహ్నం చెవులు మూసుకుంటే లోపల టిక్‌మంది. నర్సు చేయి పట్టుకుని ఏడ్చేశాను.

ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నారు. వాల్వు అని మీకెలా అనుమానం వచ్చింది అని అడిగారు. చప్పుడు తగ్గినట్టు అనిపించిందని చెప్పాను. అబద్ధం. చప్పుడు వినిపించింది కాబట్టే బతికాను.

మా ఆయన తన వంతు విచారణ చేశాడు. అపార్ట్‌మెంట్‌లో అలాంటి వాల్వు ఉన్నవాళ్లు ఎవరూ లేరు. కరెంటు లేనప్పుడు లిఫ్టులో చప్పుడు చేసేది ఏదీ లేదని రిపేరు మనిషి చెప్పాడు. ఎనిమిదేళ్లు విన్న చప్పుడు కదా, నీ మెదడే గుర్తుచేసుకుందేమో అన్నాడు మా ఆయన. కావచ్చు. కానీ మెదడు గుర్తుచేసుకునే చప్పుడు చెవులు మూసుకుంటే ఎందుకు ఆగుతుంది?

అత్తమ్మ నెల రోజులు నా ముఖం చూడలేదు. ఎవరూ ఏమీ అనకపోయినా మునగాకు సంగతి ఆవిడకు తెలిసిపోయింది. ఆకు అన్నదే వంటింట్లోకి రానివ్వలేదు. అలా పూర్తిగా మానేసినా నాకు ప్రమాదమేనని బతిమాలి చెప్పాల్సివచ్చింది. ఒకరోజు ఆవిడ పక్కన కూర్చుని లిఫ్టులో జరిగిందంతా చెప్పాను, ఏమీ దాచలేదు. దిష్టి తీస్తుందేమో అనుకున్నాను. నా చేయి పట్టుకుని నిమిరింది.

"నిన్ను నేనే సంపుతుంటినేమొ బిడ్డా. ఎవలో ఏందో గని, నీకు తోడున్నరు గద. నాకు గంతే సాలు."

ఆవిడకు చాలు. నాకు చాలడం లేదు. తలుపు తెరిచినప్పుడు నన్ను ఒక్కదాన్నే పైకి లాగారు. ఆ మూలలోని గుండె ఎవరిదో, ఎవరికోసం అక్కడ ఉందో, నేను వచ్చేశాక అది ఆ డబ్బాలోంచి బయటికి రాగలిగిందో లేదో నాకు తెలియదు.