తేదీ రాయవలసిన గడి

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నేను తాగుబోతును కాను, చావు దాకా వెళ్లొచ్చిన రోగినీ కాను, సాక్ష్యం చెప్పేవాడికి ఉండవలసిన అర్హతలేవీ నాకు లేవు. నాకున్నది భయం ఒక్కటే. నా పాపాలు పోయి రక్షణ పొందానో లేదో అన్న భయం.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను క్యాంపస్ హాస్టల్లో ఉండి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. రక్షణ పొందిన తేదీని బైబిలు మొదటి పేజీలో రాసుకోవడం మనవాళ్ల అలవాటు గదా, నేనూ రాసుకున్నాను, నెల తిరక్కుండానే ఏదో అబద్ధమాడి, ఆనాడు ప్రార్థన మనసారా చేయలేదేమోనని వణికిపోయి, తర్వాతి ప్రార్థన కూటంలో రక్షణ కావాలని మళ్లీ చెయ్యెత్తి, పాత తేదీ కొట్టేసి కొత్తది రాశాను, అలా కొట్టేస్తూ రాస్తూ పోగా పదమూడో తేదీకి పేజీ నిండిపోయింది! ప్రభువు తిరిగి వచ్చి విశ్వాసులందరూ పరలోకానికి ఎత్తబడి నేనొక్కణ్ణే హాస్టల్లో మిగిలిపోతే? పొద్దున మెస్సులో మరో విశ్వాసి కనబడేదాకా నాకు ఇడ్లీ గొంతు దిగేది కాదు.

నా రూమ్మేట్ యాదగిరి జనగామ వైపు రైతుబిడ్డ, ప్రభువును ఎరుగనివాడు, ఊరేగింపుల్లో ముందుండేవాడు. రక్షణను మనం 'తిరిగి జన్మించడం' అంటాం గదా, ఆ మాట పట్టుకొని ప్రతి కూటం తర్వాతా, "ఏందిరా, మళ్ల పుట్టినవా? మేమందరం ఒక్కసారి పుట్టినందుకే గింత పరేషాన్ అయితున్నం!" అనేవాడు. పైకి నవ్వేవాణ్ణి.

ఇంతలో తార్నాకలోని మా సంఘంలో పాస్టరుగారు బాప్తిస్మానికి ఫారం ఇచ్చారు. అందులో 'రక్షణ పొందిన తేదీ' అని ఒక గడి. మిగతావన్నీ నింపి, ఆ గడి దగ్గర వారం రోజులు ఆగిపోయాను. పదమూడింటిలో ఏది రాయను?

ఒక బంద్ రోజు మధ్యాహ్నం, పాస్టరుగారినే అడుగుదామని ఫారం జేబులో పెట్టుకొని బయలుదేరాను. క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు ఊరేగింపును ఆపారు, మొదట ఏం జరిగిందో నేను చూడలేదు, అంతలోనే తెల్లటి పొగ కమ్మేసింది. బాష్పవాయువు గురించి పరీక్షలో చక్కగానే రాశాను, ప్రాక్టికల్స్ ఆరోజు జరిగాయి. కళ్లు కనబడవు, ఊపిరాడదు, చుట్టూ పరుగులు, అరుపులు, చచ్చిపోతున్నాననుకున్నాను, సహోదరులారా! బుద్ధి ఉన్నవాడు పరిగెత్తుతాడు. నేను గోడ పక్కన మోకరించి పద్నాలుగోసారి మొదలుపెట్టాను: "ప్రభువా, పాపినైన నన్ను..." అంతే, గొంతు మూసుకుపోయింది. మళ్లీ "ప్రభువా, పాపి..." దగ్గు. మూడోసారి ఆ మాటా రాలేదు. ప్రార్థన పూర్తికాకుండానే ప్రాణం పోతే నరకమే గదా!

ఆ పొగలోనే ప్రభువు నా మీద జాలిపడ్డాడు. సిలువ మీద ఆయనకూ ఊపిరి అందలేదు గదా అనిపించింది. అయినా ఆయన మన కోసం చేయవలసినదంతా ముగించాకే తల వంచాడు. నా మాట సగంలో తెగింది గాని ఆయన పని సగంలో ఆగలేదు! పదమూడుసార్లూ నేను నా ప్రార్థనను నమ్ముకున్నాను, ఆయనను కాదు. ఇక చేయగలిగిందేమీ లేక, "నువ్వే" అని లోపల అనుకొని ఊరుకున్నాను.

అప్పుడే ఎవరో నా కాలరు పట్టి లేపారు. యాదగిరి! "లేరా బై! పుట్టుడు తర్వాత, ముందుగాల బతుకు!" అంటూ తడి తువ్వాలు నా మొహాన కొట్టి, తార్నాక సందుల్లోకి ఈడ్చుకుపోయాడు.

ఎర్రబడ్డ కళ్లతో, కారే ముక్కులతో ఇద్దరం పాస్టరుగారి గుమ్మం ఎక్కితే, ఆయన పశ్చాత్తాపమనుకొని చాలా సంతోషించారు. ఆ గడిలో నేను 'ప్రభువు నా కోసం చనిపోయిన శుక్రవారం' అని రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకొని రెండుసార్లు చదివి, "గడి చిన్నదే, అయినా పట్టిందయ్యా" అన్నారు.

మరునాడు మెస్సులో ఎవరినీ వెతక్కుండా ఆరు ఇడ్లీలు తిన్నాను. దేవునికే మహిమ!

మీలో ఎవరైనా తమ ప్రార్థన సరిగ్గా కుదిరిందో లేదో అని ఇంకా వణుకుతున్నారా? నోరు పెగలకపోయినా పరవాలేదు, ముగించినవాడి మీద ఆనుకోండి. అలాగే మా యాదగిరి కోసం ప్రార్థించండి. పొగలోంచి నన్ను లాగినవాడు, తననూ లాగే చెయ్యి ఒకటుందంటే మాత్రం ఇంకా నవ్వుతున్నాడు.